అలారం మోగలేదంటే అంతా బావున్నట్టేనా?

మన ఐటీ జనాలకి అలర్ట్ అంటే విసుగు. మెయిల్‌లో దానికో ఫోల్డరు, ఆ ఫోల్డరుకో రూలు. వచ్చినవన్నీ అందులోకే. తెరిచి చూసే నాథుడుండడు. నిజంగా కొంప మునిగితే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారులే అని ధీమా!

నేను చదివింది ఎలక్ట్రికల్, పొట్టకూటికి రాసేది కోడ్. ఈ ఒక్క విషయంలో మాత్రం నా ఓటు కరెంటు వాళ్ళకే.

హైటెన్షన్ లైనుకి చెట్టుకొమ్మ తగిలిందనుకోండి. రిలే రెండు పనులు చేస్తుంది. ఒకటి, బ్రేకర్‌కి ట్రిప్ సిగ్నల్. ఇది మిషన్లు తమలో తాము మాట్లాడుకోవడం, ఎవర్నీ అడగవు, సెకనులో పదోవంతులో పని అయిపోతుంది. రెండోది, కంట్రోల్ రూములో హూటర్ మోగించి, ప్యానెల్ మీద దీపం మినుకుమనిపించడం. ఇది మనిషి కోసం. ఆపరేటర్ 'యాక్సెప్ట్' నొక్కితే హూటర్ ఆగుతుంది, దీపం మాత్రం ఆరదు. తప్పు సరయ్యేదాకా వెలుగుతూనే ఉంటుంది. 'విన్నాను' వేరు, 'బాగుచేశాను' వేరు అన్నమాట.

ఇంకా నచ్చేదేంటంటే, వీళ్ళు నిశ్శబ్దాన్ని నమ్మరు. బ్రేకర్ తెరిచే ట్రిప్ కాయిల్ వైరు తెగిందేమో కనిపెట్టడానికే ఇంకో రిలే! న్యూమరికల్ రిలేలో వాచ్‌డాగ్ కాంటాక్ట్ ఉంటుంది. రిలే బతికున్నంతసేపూ దాన్ని పట్టి ఉంచుతుంది. రిలే చచ్చిందా, పట్టు వదిలేస్తుంది, అదే అలారం. బల్బులే మాడిపోయాయేమో చూసుకోడానికి ల్యాంప్ టెస్ట్ బటన్ కూడా ఉంటుంది.

నమ్మితే ఏమవుతుందో 2003 ఆగస్టు 14న అమెరికాలో తెలిసొచ్చింది. ఒహాయోలో ఒక కరెంటు కంపెనీ కంట్రోల్ రూములో మధ్యాహ్నం 2:14కి అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. కారణం మనకి బాగా తెలిసిన రేస్ కండిషనే. అలారం పోయిందని చెప్పే అలారం లేదు. 3:05కీ 3:41కీ మధ్య మూడు 345 కేవీ లైన్లు చెట్లకి తగిలి ట్రిప్పయ్యాయి. రిలేలు తమ పని తాము చేశాయి. ఆపరేటర్ల తెర మాత్రం ప్రశాంతం. బయటినుంచి ఫోన్లు వచ్చినా వాళ్ళు తెరనే నమ్మారు. 4:05 దాటాక మరో లైను మీది రిలే, ఎక్కువైన లోడుని ఫాల్ట్‌గా లెక్కగట్టి దాన్నీ తెరిచేసింది. ఇంకొన్ని నిమిషాల్లో అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది.

ఇదంతా ఎందుకంటే, మా టీములో పోయిన నెల ఒక ప్రతిపాదన వచ్చింది. రాత్రి నడిచే జీతాల బ్యాచ్ గంటకోసారి 'బతికే ఉన్నా' అని పంపే మెసేజీ తీసేద్దామని, ఫెయిలైతేనే మెయిల్ వస్తే చాలని. బ్యాచ్‌ని నడిపే షెడ్యూలరే చస్తే ఆ మెయిల్ ఎవరు పంపుతారని అడిగాను. చాదస్తం అన్నారు. సరే, చాదస్తమే. ఆ మెసేజీ మనిషికి పంపొద్దు, ఒప్పుకుంటా. ఇంకో మిషనుకి పంపండి, అది రాని రోజున మనిషిని లేపమనండి. ఇంతవరకూ నిర్ణయం కాలేదు, నేనూ తగ్గలేదు.

మీ దగ్గర అలారం పోతే ఏది మోగుతుంది?