పట్టాల పక్కన ఉజ్జీవం

పల్లి అంటే బెంగాలీలో పేట. సుభాష్‌పల్లి పేరు మాత్రం తెలుగువారి చెవికి సొంత ఊరి పేరులాగే వినిపిస్తుంది. అది ఉన్న ఖరగ్‌పూర్ సంగతీ అంతే. 1,072.5 మీటర్ల పొడవుతో, 2013లో గోరఖ్‌పూర్ మించిపోయేదాకా ప్రపంచంలోనే అతి పొడవైన ప్లాట్‌ఫారంగా పేరున్న స్టేషన్ ఇక్కడిది. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచే ఉత్తరాంధ్ర జనం పనుల కోసం ఈ పట్టణానికి తరలివచ్చారు. వారితోపాటు అమ్మవారి పూజలూ వచ్చాయి, తెలుగు బైబిలూ వచ్చింది.

ఉజ్జీవ సభలు అనగానే బయటివారికి మతమార్పిడి గుర్తొస్తుంది. రెండూ ఒకటి కావు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. కరువు రోజుల్లో మిషనరీ జాన్ క్లౌ వారికి బకింగ్‌హాం కాలువ పని ఇప్పించారు కాబట్టి ఇదంతా తిండి కోసమేనని కొట్టిపారేసేవారున్నారు. కానీ కరువు పనులు సాగినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశారన్నది వారు చెప్పరు. ఏమైనా అది కొత్తవారి రాక. 1904లో వేల్స్‌లో మొదలై, మరుసటి ఏడాది ఖాసీ కొండలను, పండిత రమాబాయి ముక్తి మిషన్‌ను, 1906లో తెలుగు బాప్టిస్టు సంఘాలను కదిలించింది వేరు. అక్కడ ఏడ్చినవారు, అందరి ముందూ తప్పులు ఒప్పుకున్నవారు అప్పటికే క్రైస్తవులు. చల్లారిన విశ్వాసం మళ్లీ రాజుకోవడమే వారికి ఉజ్జీవం.

ఖరగ్‌పూర్‌లో అది ఏ భాషలో రాజుకోవాలన్నదే చిక్కు. తాతలకు ప్రార్థన తెలుగులోనే వస్తుంది. మనవలకు బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో బెంగాలీ. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. సంతోషమే. హోదాతో దరఖాస్తులు రాసుకోవచ్చు గానీ, దానితో పిల్లలకు కీర్తనలు రావు.

ఆ కీర్తనలకూ బెంగాల్ చుట్టరికం ఉంది. తెలుగు క్రైస్తవ కీర్తనకారుల్లో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803-1890) పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకుని, తెలుగులో పాటలు కట్టారు. విలియం కేరీ బృందం తెలుగు కొత్త నిబంధనను 1818లో అచ్చువేసింది కూడా హుగ్లీ ఒడ్డున ఉన్న శ్రీరాంపూర్‌లోనే.

భాష దాటడం ఈ మతానికి కొత్త కాదు, కాబట్టి హిందీలోకి మారితే తప్పేమిటన్న వాదన తీసిపారేయదగింది కాదు. కుర్రాళ్లు నిలవాలంటే అది తప్పనిసరి కూడా కావచ్చు. అయితే ఉజ్జీవ సభలో ప్రసంగం వినడంతో పని తీరదు. మనిషి లేచి తన తప్పు తన నోటితో చెప్పుకోవాలి. రైల్వేలో బతుకంతా గడిపిన పెద్దాయనకు హిందీ పై అధికారులతో మాట్లాడే భాష. ఆయన మనవరాలికి తెలుగు వంటింట్లో అమ్మమ్మతో మాట్లాడేది. ఒకే చాప మీద కూర్చున్నా, ఇద్దరిలో ఒకరికి అనువాదకుడు కావలసిందే.