చిప్పు దగ్గర ఆగిన స్వేచ్ఛ

2019 వేసవిలో ఎవరో దాతలు మా ఊరి గ్రంథాలయానికి అయిదు పాత లాప్‌టాప్‌లు ఇచ్చారు. వాటిలో లినక్సే వెయ్యాలని పట్టుబట్టినవాణ్ణి నేను. డబ్బు పోసి కొనే పని లేదు, దొంగ కాపీ వాడుతున్నామన్న అవమానమూ లేదు. పైగా అది ఎవరైనా విప్పి చూసి, మార్చుకుని, మరొకరికి ఇవ్వగల సాఫ్ట్‌వేర్. ఈ ముక్కలన్నీ అక్కడికి వచ్చే కుర్రవాళ్ళకు ఉపన్యాసంలాగా చెప్పాను కూడా.

లినక్స్‌లలో డెబియన్‌ను ఎంచుకున్నాను. కంపెనీల ఫైళ్ళు కలిపిన ‘అనధికార’ ప్రతి ఒకటి అప్పట్లో విడిగా దొరికేది. దాన్ని ముట్టలేదు. మడి కట్టుకునేవాళ్ళను ఎగతాళి చేసే నాకు ఈ మడి ఎక్కణ్ణుంచి వచ్చిందో!

వెయ్యటం సులభంగానే అయింది. తెలుగు అక్షరాలు ముచ్చటగా కనిపించాయి. కాని మూడింటిలో వైఫై లేదు. సిగ్నల్ అందకపోవటం కాదు, అసలు వైఫై అన్న మాటే తెరమీద లేదు. వెతగ్గా తేలిందేమంటే, ఆ చిప్పు లోపల మరో చిన్న కంప్యూటరు ఉంటుంది. యంత్రం లేచినప్పుడల్లా దానికి ఫర్మ్‌వేర్ అనే ఫైలు అందించాలి. అందితేగాని చిప్పు పలకదు. ఆ ఫైలు కంపెనీ సొత్తు. కావాలంటే ఇంటర్నెట్‌లోంచి దించుకోవచ్చునట. ఇంటర్నెట్ లేకనే గదా ఈ అవస్థ!

ఒక కుర్రాడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలని కూర్చున్నాడు. ఆ రోజే ఆఖరు. “మాస్టారూ, ఎవరైనా మార్చుకోవచ్చన్నారు గదా, మార్చండి,” అన్నాడు. ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు. నేను గంటసేపు ఏవో ఆజ్ఞలు టైపు చేశాను. చివరికి వాడే తన ఫోను తీగతో తగిలించాడు. క్షణంలో ఇంటర్నెట్ వచ్చింది.

ఆ ఫోను ఆండ్రాయిడ్‌ది. ఆండ్రాయిడ్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే. లినక్స్‌కు వైఫై చేతకాదనేవాళ్ళు ఈ సంగతి ఆలోచించరు. ఫోనులో వైఫై పని చెయ్యకపోతే ఆ ఫోను అమ్ముడుపోదు గనక అక్కడ డ్రైవర్ రాయించి పెడతారు. గ్రంథాలయంలోని పాత లాప్‌టాప్ ఎవరికి లాభం? చేతకానితనం ప్రోగ్రాంలు రాసేవాళ్ళది కాదు.

వాళ్ళు పడ్డ పాట్లు వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఒక పెద్ద కంపెనీ తన చిప్పుల వివరాలు చెప్పనన్నది. అప్పుడు ఒక జట్టు ఆ కంపెనీ డ్రైవర్‌ను విప్పి, అది చేసే పనిని మాటల్లో రాసిపెట్టింది. ఆ డ్రైవర్‌ను కంటితో కూడా చూడని రెండో జట్టు, ఆ రాతను బట్టి కొత్త డ్రైవర్ తయారుచేసింది. దొంగిలించారన్న నింద రాకుండా ఇంత తతంగం! 2006లో అది కెర్నెల్‌లో చేరింది. అంత చేసినా ఫర్మ్‌వేర్‌ను మాత్రం కంపెనీ డ్రైవర్‌లోంచే కోసి తీసుకోవలసి వచ్చింది.

రేడియో తరంగాలకు ప్రభుత్వ నిబంధనలున్నాయి, అందరికీ తెరిచిపెడితే వాటిని మీరతారు అని కంపెనీల వాదం. అందులో కొంత నిజముంది. కాని 2008లో అథెరోస్ తన కొత్త చిప్పులకు స్వేచ్ఛా డ్రైవర్‌ను తానే ఇచ్చింది. ఆకాశం విరిగిపడలేదు. కంపెనీ దివాలా తియ్యలేదు సరిగదా, 2011లో క్వాల్‌కామ్ దాన్ని సుమారు 310 కోట్ల డాలర్లకు కొన్నది.

2022లో డెబియన్ వాళ్ళు వోటు పెట్టుకుని, మూసిపెట్టిన ఫర్మ్‌వేర్‌ను తమ అధికార ప్రతిలోనే కలపాలని నిర్ణయించారు. 2023లో వచ్చిన 12వ విడుదలలో కలిపారు. ఆ కుర్రాడు తటస్థపడకపోతే నేను దీన్ని లొంగుబాటు అనేవాణ్ణి. ఇప్పుడు అనలేను. దాన్ని వేరే విభాగంలో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదన్న పేరుతోనే ఉంచారు. అంతవరకు నిజాయితీ ఉంది.

కుర్రాడి దరఖాస్తు ఆ రోజే వెళ్ళింది. మర్నాడు ఫర్మ్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెడితే రెండు లాప్‌టాప్‌లు పలికాయి. మూడోదాని డ్రైవర్ కెర్నెల్‌లో లేదు. బయటినుంచి తెచ్చి పెట్టాను గాని, కెర్నెల్ మారినప్పుడల్లా దాన్ని మళ్ళీ తయారుచెయ్యాలి. నాలుగుసార్లు చేసి విసిగిపోయాను. అది ఇప్పటికీ గోడవారగా, తీగ పట్టుకునే ఉంది.