రాసిన మెహర్, రాయని జోడా

మా పెళ్ళిళ్ళలో రెండు లెక్కలుంటాయి. ఒకటి ఖాజీ పుస్తకంలో రాసేది. రెండోది ఎక్కడా రాయనిది. రాసినదాని పేరు మెహర్. రాయనిదానికి పేర్లు చాలా - జోడే కీ రకమ్, లేన్‌దేన్, జహేజ్, కట్నం. రాసింది మాకు ఇయ్యరు. మేం ఇచ్చింది రాయరు. ముస్లిం ఆడవాళ్ళ హక్కుల గురించి మాట్లాడే వాళ్ళెవరైనా, మా జమాత్ పెద్దలైనా, మమ్మల్ని ఉద్ధరిస్తామని బయల్దేరిన బయటివాళ్ళయినా, ముందు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మెహర్ మగవాడు ఇవ్వాలి. పెళ్ళికూతురి తండ్రికి కాదు, పెళ్ళికూతురికి. అది ఆమె సొంతం. దాన్ని సంతోషంగా ఇచ్చెయ్యమని ఖురాన్‌లో నిసా సూరా నాలుగో ఆయత్ చెబుతుంది. నికా నాడే ఇచ్చేది ఒక రకం, తర్వాత ఎప్పుడో ఇచ్చేది ఇంకో రకం. ఉర్దూలో ఈ రెండింటికీ వాడే మాటలు వినడానికి ఒక్కలాగే ఉంటాయి. రాస్తేనే ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరం తేడాలో మా అమ్మల, నానీల బతుకులు తెల్లారిపోయాయి. హైదరాబాద్ వైపు మెహర్‌లో రూపాయలతో పాటు 'దో దీనార్ సుర్ఖ్' అని కూడా రాస్తారు. ఆ ఎర్ర దీనారం ఎట్లా ఉంటుందో చూసిన ఆడమనిషి మాకు ఇంతవరకు తగల్లేదు.

ఇక రాయని లెక్క. మంగ్నీ మాటల్లో అవతలి వాళ్ళు ఎంతో మర్యాదగా షురూ చేస్తారు. "మాకేం వద్దు భాయ్‌సాబ్, మీ బిడ్డకు మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం." ఆ మాట వినగానే మా అబ్బాల గుండెలు జారిపోతాయి. ఇంతని చెబితే బేరమాడొచ్చు. మీ ఇష్టం అంటే ఇక హద్దేముంది? పలంగు, బీరువా, బండి, బంగారం, వచ్చినవాళ్ళందరికీ బిర్యానీ. ఇచ్చేదెవరు? పంక్చర్లు వేసేవాడు, బండి మీద పండ్లమ్మేవాడు, సున్నాలేసేవాడు, దూదేకులాయన. నిజామాబాద్, కరీంనగర్ వైపు చూడండి. కళ్ళు తెరవకముందే తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడపిల్లలు కనిపిస్తారు. తనను కొనుక్కోబోయేవాడికి తనే పైసాపైసా కూడబెట్టే పిల్ల ఇంకెక్కడైనా ఉంటుందా?

తెలంగాణలో 2014లో షాదీ ముబారక్ పథకం వచ్చింది. మొదట 51,000 రూపాయలు, 2018 నాటికి 1,00,116. పేద తండ్రికి అది పెద్ద ఆసరానే, కాదనం. కానీ మా వాడల్లో ఏం జరిగింది? సర్కారు సొమ్ము వస్తుంది కదా అని మగపెళ్ళివాళ్ళ లెక్క అంత పైకి జరిగింది. ఆడపిల్ల పేరున వచ్చిన పైసలు ఆడపిల్ల చేతికి తగలకుండానే బండి అయిపోయాయి.

మరి మెహర్ ఎప్పుడు గుర్తొస్తుంది? మగమనిషి చచ్చిపోయినప్పుడు. గుస్ల్ అయిపోయి, కఫన్ చుట్టి, జనాజా లేపబోతుంటారు. అప్పుడు పెద్దావిడ ఎవరో వచ్చి, ఏడుస్తున్న భార్య భుజం పట్టుకుని "మెహర్ మాఫ్ కర్ దే బేటీ" అంటుంది. ఆయన అప్పు మోసుకుంటూ కబ్రస్తాన్‌కు పోకూడదంటారు. మెహర్ అప్పేనని వాళ్ళకూ తెలుసన్నమాట! షరీఅత్ ప్రకారం అది వారసులు ఆస్తి పంచుకోకముందే తీర్చాల్సిన అప్పు. అదే జనాజా దగ్గర కొడుకు లేచి, మా అబ్బా ఎవరికైనా బాకీ ఉంటే నా దగ్గరికి రండి, నేను కడతానంటాడు. కిరాణా షాపు బాకీకి హామీ దొరుకుతుంది. ముప్పై ఏళ్ళు వండిపెట్టిన మనిషి బాకీకి మాత్రం మాఫీ దొరకాలి. మొగుడి శవం ముందు, నలుగురిలో, ఏ ఆడది కుదరదనగలదు?

ఈ మాటలంటే మా పెద్దమనుషులకు కోపం. జహేజ్ సున్నత్ అంటారు, ప్రవక్త తన బిడ్డ ఫాతిమాకు ఇచ్చారు కదా అంటారు. అలీ తన కవచం అమ్మి మెహర్‌గా తెచ్చిన సొమ్ముతోనే ఆ సామాను కొన్నారన్న రివాయత్ దాకా మాత్రం రారు. ఖలీఫా ఉమర్ మెహర్‌కు హద్దు పెట్టబోతే ఒక ఆడమనిషి లేచి ఖురాన్ చూపించి అడ్డుకుందనీ, ఖలీఫా తన మాట వెనక్కి తీసుకున్నాడనీ చెప్పుకునే కథ మేం బయాన్లలో ఎన్నోసార్లు విన్నాం. ఇంట్లో కూర్చుని, మసీదు మైకులో విన్నాం. ఆ ఆడమనిషి ఇవాళ మా ఊరి మసీదుకొస్తే ఎక్కడ నిలబడుతుంది? నమాజుకు ఆడవాళ్ళు మసీదులోకి రావచ్చని ముస్లిం పర్సనల్ లా బోర్డే 2023లో సుప్రీంకోర్టుకు రాసిచ్చింది. మా మసీదులో మాకు వజూ చేసుకునే చోటు కూడా లేదు.

ఇటు వీళ్ళు ఇట్లా ఉంటే, అటు బయటివాళ్ళకు మా మీద ఎక్కడలేని జాలి. 1985లో షాబానో కేసు తీర్పు వచ్చిన నాటి నుంచీ మా గురించి అందరూ మాట్లాడుతున్నారు, మేం తప్ప. 1986లో చట్టం తెచ్చారు. 2017లో సుప్రీంకోర్టు ఒక్కసారే చెప్పే మూడు తలాక్‌లను కొట్టేసింది. మంచిదే. 2019లో ఆ తలాక్ చెప్పినవాడికి మూడేళ్ళ దాకా జైలన్నారు. వాడు జైల్లో ఉంటే ఇంట్లోకి బియ్యం ఎట్లా వస్తాయన్న మా ప్రశ్న ఎవరికీ వినపడలేదు. ఈ జాలి ఏపాటిదో 2022 ఆగస్టు 15న చూశాం. బిల్కిస్ బానో మీద సామూహిక అత్యాచారం చేసి, ఆమె కుటుంబాన్ని చంపిన కేసులో యావజ్జీవం పడిన 11 మందిని గుజరాత్ ప్రభుత్వం ఆరోజు విడిచిపెట్టింది. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేయాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాం, మా మగవాళ్ళను కొట్టడానికి మమ్మల్ని కర్రగా వాడుకోనివ్వం. అట్లాగని మా మగవాళ్ళ తప్పులకు మేం పరదా కాబోం.

ఈ దేశంలో మా తలాక్ మీద జరిగినంత చర్చ మా నికా మీద జరగలేదు. విడిపోయిన ఆడమనిషి బతుకు పెళ్ళినాటి కాగితం మీదే ఆధారపడి ఉంటుంది. 1961 వరకట్న నిషేధ చట్టం మెహర్ కట్నం కాదని తేల్చి చెప్పింది. ఆ చట్టం కిందే 1985లో వచ్చిన నిబంధనలు పెళ్ళిలో ఇచ్చిన కానుకల జాబితా రాసి సంతకాలు పెట్టాలంటున్నాయి. 1986 చట్టమైతే విడాకులు పొందిన ఆడమనిషికి మెహర్‌తో పాటు పెళ్ళినాడు తనవాళ్ళు పెట్టిన సామాను కూడా తిరిగి రావాలంటుంది. రాయని సామానుకు ఏ కోర్టులో సాక్ష్యం తేవాలి? మన తెలంగాణ నుంచి పోయిన కేసులోనే 2024 జులై 10న సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి మిగతా ఆడవాళ్ళలాగే భరణం అడిగే హక్కుందని చెప్పింది. హక్కులు కాగితం మీద తక్కువేమీ లేవు. మా చేతిలో ఆ కాగితమే లేదు.

అడిగితే ఏమవుతుందో మాకు తెలుసు. మంగ్నీ విరిగిపోతుంది. పిల్లకు నోరెక్కువ, డిగ్రీ చదివి చెడిపోయిందంటారు. ఇంట్లో చెల్లెళ్ళుంటే వాళ్ళ సంబంధాలూ ఆగిపోతాయి. ఆ భయంతోనే ఇన్ని తరాలు నోళ్ళు మూసుకున్నాయి. అయినా అడుగుతున్నాం. నికా నాడే, గవాహుల ముందు, మెహర్ మా చేతిలో పెట్టండి. తర్వాత ఇస్తామంటే ఎప్పుడిస్తారో తేదీ వెయ్యండి. జోడా, జహేజ్ అడక్కండి. మా అమ్మీ అబ్బా ప్రేమతో పెట్టింది చెంచాతో సహా రాసి సంతకం పెట్టండి. నికానామా నకలు అత్తగారి బీరువాలో కాదు, మా దగ్గరుండాలి. మయ్యత్ దగ్గర మాఫీ అడగడం బంద్ చెయ్యండి.

'ఖుబూల్ హై' అని మా నోటితో అనిపించిన తర్వాతే కదా నికా అయ్యేది! ఆ ఒక్క మాటకే కాదు, దానికి ముందు రాసే ప్రతి అంకెకూ మా నోరు కావాలి. మా చెల్లెళ్ళ నికానామాల్ని మేం చదువుతాం. చదివాకే వాళ్ళను సంతకం పెట్టమంటాం.