ఎండీనా, పీహెచ్‌డీనా?

ఇంటర్‌ల నా దగ్గర తెలుగు చదివిన ఉట్నూరు గోండు బిడ్డ ఇప్పుడు డాక్టర్. ఆమె తమ్ముడికి సికిల్ సెల్, ఎర్ర రక్తకణాలు కొడవలి లెక్క వంగే జబ్బు. దాని మీద పరిశోధన చెయ్యాలని ఆమె పట్టుదల. ఇంటి అప్పు కూడా ఆమె మీదనే. "సార్, ముందు ఎండీనా, పీహెచ్‌డీనా?" అని అడిగింది.

అమెరికాల 1964 నుంచే రెండూ కలిపి చదివేటోళ్లకు ప్రభుత్వం ఫీజు, స్టైపెండ్ ఇస్తున్నది. మన దగ్గర అసొంటి కోర్సులు తక్కువ. ఎండీ అయితే 3 ఏండ్లు, స్టైపెండ్ వస్తది, రోగులు కండ్ల ముందే ఉంటరు. ఎంబీబీఎస్‌తోనే సీఎస్‌ఐఆర్ నెట్ రాసి పీహెచ్‌డీల చేరొచ్చు. జేఆర్‌ఎఫ్ నెలకు 37,000. కానీ ఐదేండ్లు ల్యాబే లోకం.

బాబాసాహెబ్ సంగతి చెప్పిన. స్కాలర్‌షిప్ గడువు తీరి 1917ల లండన్ చదువు మధ్యల ఆపి వచ్చిండు. 1920ల మళ్లీ పోయి బారిస్టర్, డీఎస్సీ రెండూ సాధించిండు. ఒకటి బతుకుదెరువుకు, ఇంకోటి తన ప్రశ్నకు.

డాక్టరు చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సంస్థ పేరు చూసి మురువకుండ్రి. మూడు సంగతులు అడుగుండ్రి. నెలనెలా పైసలు ఎవరిస్తరు? ఆ గైడ్ దగ్గర చేరిన ఎస్సీ, ఎస్టీ పిల్లలల్ల ఎంతమంది పట్టాతో బయటికొచ్చిన్రు? చదివినన్ని ఏండ్లు రోగి మొఖం కనపడ్తదా?

గూడేల నెత్తురు సీసాలల్ల ల్యాబులకు పోతనే ఉన్నది. ఆ నెత్తురును చదివే చెయ్యి కూడా గూడెందే కావాలె.

ఆమె ముందు ఎండీకే దరఖాస్తు పెట్టింది. పీహెచ్‌డీని ఇడువలేదు, వరుస మార్చుకున్నది.

జై భీమ్.