చీకటింట్లో మన మొహాలు

డొంకరాయి పవర్‌హౌస్ 25 మెగావాట్లు. అదే సీలేరు నీళ్లతో దిగువన పొల్లూరులో 460. ఇంత కరెంటు పుట్టే కొండల్లో, పోడు భూముల గురించి పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయడానికి నేను వెళ్లిన ఇళ్లలో గుమ్మంలోంచి వచ్చేదే వెలుతురు. మట్టి గోడలు. కిటికీ ఉండదు.

అక్కడ క్యామ్‌కార్డర్‌ని ఆటోలో పెడితే ఏమవుతుందో చూడండి. గుమ్మానికి వీపు పెట్టి అవ్వ కూర్చుంటే బయటి ఎండ తెల్లగా, అవ్వ మొహం నల్లటి ముద్దగా వస్తుంది. లోపలికి తిప్పితే కెమెరా గెయిన్ పెంచేస్తుంది. చర్మం మీద చీమలు పాకినట్టు నాయిస్.

ఇది ఊరికే జరగలేదు మిత్రులారా. కొడాక్ వాళ్లు ఏళ్ల తరబడి ఫిల్మ్ రంగులు సరిచూసుకున్నది 'షర్లీ కార్డు' మీది తెల్ల అమ్మాయి చర్మంతో. నల్ల చర్మం వాళ్ల లెక్కలోనే లేదు. నేటి ఆటో కూడా ఫ్రేమ్ మొత్తానికి సగటు తీస్తుంది. ఆ సగటులో మనం ఎప్పుడూ మునిగిపోయేవాళ్లమే.

అందుకే ఆటో ఆపండి. షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బు ఉన్నా మిణుకు రాదు. ఐరిస్ పూర్తిగా తెరవండి. జూమ్ చేయకండి, చాలా క్యామ్‌కార్డర్లలో జూమ్ చేస్తే లెన్సులోకి వచ్చే వెలుతురు తగ్గుతుంది. మీరే దగ్గరికి జరిగి కూర్చోండి. గెయిన్ ప్రతి 6 డీబీకి సిగ్నల్‌తోపాటు నాయిస్ కూడా రెట్టింపు. నేను 9 దాటను. వైట్ బ్యాలెన్స్ తెల్ల కాగితం చూపించి పెట్టండి.

అన్నిటికన్నా ముందు, "అవ్వా, కొంచెం గుమ్మం వైపు తిరుగుతావా" అని అడగండి. వెలుతురు పక్కనుంచి పడాలి. రెండో పక్క తెల్ల పంచె పట్టుకుంటే చాలు, నీడ పలచబడుతుంది. ఎక్స్‌పోజర్ మొహానికే పెట్టండి, గుమ్మం తెల్లబడితే తెల్లబడనీ. మొహాన్ని మాత్రం తెల్లగా చేయకండి. నలుపు నలుపుగానే ఉండాలి, ముడతలూ కళ్లూ కనిపించాలి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, సెక్షన్ 15ఏ(10), ఈ కేసుల ప్రొసీడింగ్స్ అన్నీ వీడియో తీయాలంటుంది. కెమెరా మన హక్కయింది. కానీ ఒక ఆఫీసులో మా వీడియో చూసి "ఎవరో తెలియట్లేదే" అని పక్కన పెట్టేశారు. మాట వినిపిస్తున్నా, మనిషి కనిపించలేదన్న వంక వాళ్లకు చాలు.

ఆ వంక మిగల్చకండి. జై భీమ్.