మసకబారిన కన్నులు

వయసు మళ్ళిన ఇస్సాకు కన్నులు మసకబారాయని ఆదికాండము 27వ అధ్యాయంలో చదువుతాం. ఇళ్ళు దర్శించేటప్పుడు పెద్దల నోట మేము తరచూ వినే మాట: "ఏం పాపం చేశానో అయ్యగారూ, చూపు ఆనడం లేదు."

పాపం కాదమ్మా. కంటి లెన్స్ మధ్యలోని కణాలు వెలుగుకు అడ్డు రాకుండా తమ కేంద్రకాన్నే వదులుకున్నాయి. అందుకే అక్కడ ఎంజైములు పాతబడితే కొత్తవి తయారుకావు. మనం పుట్టకముందు ఏర్పడిన ప్రోటీన్లే ఇప్పటికీ అక్కడున్నాయి. వాటిని కాపాడే గ్లూటాథయోన్ రిడక్టేజ్ వంటి ఎంజైములు వయసుతో నెమ్మదించేకొద్దీ, ప్రోటీన్లు దెబ్బతిని ముద్దకడతాయి. అవే శుక్లాలు. చుక్కల మందుకు కరగవు, ఆపరేషన్‌తో తీసేస్తారు.

కాబట్టి పెద్దల కోసం ప్రార్థిద్దాం. చెయ్యి పట్టుకుని కంటి ఆసుపత్రికి కూడా తీసుకెళ్దాం.