మా అమ్మమ్మకు తెలిసిన విషాలు

కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మాది మారేడుమిల్లి వైపు కొండమీద ఊరు. మేం కొండరెడ్లం. మా అమ్మమ్మకి చెట్టూ చేమా బాగా తెలుసు. పిల్లలకి కడుపునొప్పి వచ్చినా, బాలింతకి పాలు పడకపోయినా అందరూ ఆమె గుమ్మం ముందుకే వచ్చేవాళ్లు. ఒక వానాకాలం ఊళ్లో జ్వరాలు వచ్చి ఒకాయన చనిపోయాడు. ఆయనకి ఆమె ఏ మందూ ఇవ్వలేదు. అయినా "ఆ ముసల్దానికి వేర్లు తెలుసు కదా" అని ఒక మాట లేచింది. చిల్లంగి అన్నారు. కొట్టేదాకా రాలేదు, పెద్దమనుషులు కూర్చుని సర్దేశారు. కానీ ఆ తర్వాత ఆమె అడవి నుంచి ఒక్క వేరు కూడా ఇంటికి తేలేదు. మా అమ్మకి తెలిసింది అందులో సగం. నాకు తెలిసింది ఆ సగంలో సగం.

మన ఊళ్లల్లో ఇలా ఎంత చదువు పోయిందో ఒకసారి ఆలోచించండి. నేను చదువు అనే అంటాను. మందు తెలియాలంటే ముందు విషం తెలియాలి. అది మన ఆడవాళ్లు రోజువారీ పనిలోనే నేర్చుకున్నారు.

చేదు దుంపనే చూడండి. ఇంట్లో గింజలు అయిపోయిన రోజుల్లో మన కొండల్లో అడవి దుంపలు, జీలుగు పిండి, మామిడి టెంకలతోనే కడుపు నింపుకున్నారు. హైమెండార్ఫ్ 1945లో వేసిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' మన పాపికొండల రెడ్ల బతుకు మీద రాసిన పుస్తకమే. ఆ దుంపని ఊరికే ఉడికించి తింటే గొంతు మండుతుంది, వాంతులవుతాయి, ఎక్కువైతే ప్రాణమే పోతుంది. అమ్మమ్మ దాన్ని పల్చగా కోసి, ఉడకబెట్టి, బుట్టలో పోసి పారే వాగులో పెట్టేది. నిలవ నీళ్లల్లో పెట్టనిచ్చేది కాదు. "చేదుని వాగు తీసుకుపోవాలి" అనేది. దాంట్లో ఉండే విషం పేరు డయోస్కోరిన్ అనీ, అది నీళ్లల్లో కరుగుతుందనీ నేను బీఎస్సీకి వచ్చాక తెలుసుకున్నాను. పేరు తెలియకపోయినా దాన్ని వదిలించే దారి మనవాళ్లకి ఎప్పుడో తెలుసు.

ఇంకో జత ఉంది. ముష్టి, చిల్ల. రెండూ ఒకే జాతి చెట్లు, బోటనీలో రెండింటికీ ఇంటిపేరు స్ట్రిక్నాస్. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ ఉంటుంది, మనిషి కండరాలు బిగుసుకుపోయి ఊపిరాడక చచ్చిపోతాడు. ఈ జాతి గింజల నుంచి 1818లో ఫ్రాన్సులో పెల్లెటియే, కావంటూ అనే ఇద్దరు ఆ విషాన్ని వేరు చేశారు. చిల్ల గింజని మాత్రం కుండ లోపల అరగదీసి బురదనీళ్లు పోస్తే మడ్డంతా అడుక్కి దిగి నీళ్లు తేరతాయి. ఒక గింజ చంపుతుంది, దాని చెల్లెలు తాగేనీళ్లిస్తుంది. 1956లో పెట్టిన జీసీసీకి ఈ రెండు గింజలూ ఏరి, ఎండబెట్టి అమ్మింది ఎక్కువగా మన ఆడవాళ్లే. ముష్టి గింజ బిళ్లలాగా చదునుగా, మెరిసే నూగుతో ఉంటుంది. చిల్ల గింజ చిన్నగా గుండ్రంగా ఉంటుంది. చీకట్లో ఇచ్చినా వాళ్ల వేళ్లు ఆ తేడా చెప్పేస్తాయి.

ఇప్పుడు మామిడి టెంక సంగతి. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో టెంకల అంబలి తాగి ఆదివాసులు చనిపోయారు. 2024లో కంధమాల్ జిల్లాలో మళ్లీ అదే జరిగింది, ఆడవాళ్లు పోయారు. ప్రతిసారీ "వాళ్లకి తెలీక తిన్నారు" అనేశారు. తెలీక కాదు. టెంకలోని జీడిని ఎండబెట్టి, నానబెట్టి, వగరు తీసి, దంచి వండటం తరతరాలుగా వస్తున్న పని. వానల్లో తడిసి బూజు పట్టిన టెంకని కూడా పొయ్యి మీదకి ఎక్కించాల్సి వచ్చిందంటే ఆ ఇంట్లో బియ్యం లేవని అర్థం. బియ్యం ఎందుకు లేవని అడగడం మానేసి, వండిన చేతిని తప్పుపట్టారు. చిల్లంగి అనడమూ ఇలాంటిదే. జ్వరానికి డాక్టరు లేడు, రోడ్డు లేదు, కోపం మాత్రం వేర్లు తెలిసిన ముసలమ్మ మీదకి పోతుంది.

పేరు పోవడం మన దగ్గరే కాదు. ఇంగ్లండులో విలియం విదరింగ్ అనే డాక్టరు ఫాక్స్‌గ్లోవ్ అనే విషపు మొక్క గురించి 1785లో పుస్తకం రాశాడు. ఒళ్లు నీరుపట్టే జబ్బుకి, తర్వాత గుండెజబ్బుకి మందైన డిజిటాలిస్ దాన్నుంచే వచ్చింది. ష్రాప్‌షైర్‌లో ఒక ముసలామె రహస్యంగా ఉంచుకున్న మందు ద్వారా ఈ సంగతి తెలిసిందని ఆయనే రాసుకున్నాడు. 20కి పైగా మూలికల్లో పనిచేసేది ఏదో ఆయన పట్టుకున్నాడు. ఆయన పేరు నిలిచింది. ఆమె పేరు ఆ పుస్తకంలో లేదు.

అందుకే నా మాటలు నాలుగు.

ఒకటి, సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మలు, నానమ్మల దగ్గర కూర్చోండి. మొక్క పేరు మన భాషలో ఏమంటారో, ఏ నెలలో తవ్వుతారో, ఎలా శుద్ధి చేస్తారో రాయండి. వాళ్లు సరేనంటేనే రాయండి, పక్కన వాళ్ల పేరు కూడా రాయండి.

రెండు, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊరి మొక్కల గురించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. అందులో వెజ్జుల పేర్లతోపాటు ఆడవాళ్ల పేర్లు ఉన్నాయో లేదో గ్రామసభలో అడగండి.

మూడు, మోతాదులు ఇక్కడ పెట్టకండి. ఫోటో చూసి మందు వేసుకోవద్దు. పాము కరిస్తే నేరుగా ఆసుపత్రికే.

నాలుగు, ఊళ్లో ఎవరైనా ఒక ముసలమ్మని చిల్లంగి అంటే నవ్వి ఊరుకోవద్దు. ఆ మాట ప్రాణాలు తీస్తుంది. మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడం మీద పక్కన ఒడిశాలో 2013లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. మన దగ్గర చట్టం కోసం అడుగుదాం. అది వచ్చేలోపు ఆ ముసలమ్మ పక్కన నిలబడటానికి చదువుకున్న మనం ఉన్నాం కదా.

జోహార్.